బీప్ రాని స్టిక్కర్లు: బార్‌కోడ్ స్కానర్ గెయిన్ సరిచేయడం ఎలా?

భిలాయిలో పవర్ హౌస్ మార్కెట్లోని కిరాణా కొట్టు కౌంటరు మీదా, నందిని రోడ్డు వైపు వర్క్‌షాపుల ప్యాకింగు బల్ల మీదా ఒకేలాంటి స్కానర్లు కనిపిస్తాయి. రోగం కూడా రెండు చోట్లా ఒకటే. పది స్టిక్కర్లలో తొమ్మిదింటికి బీప్ అంటుంది, పదోదాని దగ్గర మొండికేస్తుంది. అప్పుడు గన్ను పట్టుకున్న కుర్రాడు ముందు దాన్ని అరచేత్తో తడతాడు, తర్వాత స్టిక్కరును చొక్కాకి రుద్దుతాడు, చివరికి విసుగొచ్చి అంకెలు చేత్తో కొడతాడు. ఈ మూడింట్లో చొక్కాకి రుద్దడం ఒక్కటే అర్థమున్న పని. ఎందుకో కాస్త ముందుకెళ్ళాక తెలుస్తుంది.

సెట్టింగుల జోలికి ఇంతవరకూ పోనివాళ్ళ కోసం రాస్తున్నాను. స్కానర్ కొన్నప్పుడు డబ్బాలో ఒక చిన్న పుస్తకం వస్తుంది. దాన్నిండా బార్‌కోడ్‌లే. చాలామంది దాన్ని బిల్లుతోపాటు ఏ సొరుగులోనో పడేస్తారు. వెతికి తీయండి. దొరక్కపోతే గన్ను అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి తయారీదారు వెబ్‌సైటు నుంచి దించుకోండి. చేతిగన్నుకి తిప్పే మీటలుండవు కాబట్టి ఆ పుస్తకం తప్పనిసరి. అందులోని సెట్టింగు కోడ్‌ను గన్నుతో చదివిస్తే, ఆ సెట్టింగు గన్నులో మారుతుంది.

గెయిన్ పెంచితే ఏం పెరుగుతుంది?

స్కానర్ స్టిక్కరు మీద వెలుగు వేస్తుంది, ఎక్కువగా ఎర్రటి వెలుగు. తెల్ల కాగితం దాన్ని వెనక్కి కొడుతుంది, నల్ల గీత మింగేస్తుంది. తిరిగొచ్చిన వెలుగు లోపలి సెన్సర్ మీద పడి అతి చిన్న విద్యుత్ సంకేతంగా మారుతుంది. ఆ సంకేతాన్ని యాంప్లిఫైయర్ ఎన్ని రెట్లు పెంచుతుందో అదే గెయిన్. ఆ తర్వాత సర్క్యూట్ ఒక మట్టం పెట్టుకుని, దానికి పైనున్నది తెలుపు, కిందున్నది నలుపు అని విడగొడుతుంది. డీకోడర్ ఆ తెలుపు నలుపుల వెడల్పులు కొలిచి అంకెలు తేలుస్తుంది. ఇంత పనీ రెప్పపాటులో అయిపోతుంది.

కొన్ని మెనూల్లో గెయిన్‌ను డెసిబెల్‌లలో ఇస్తారు. 6 డెసిబెల్ పెంచితే సంకేతం రెట్టింపు, 20 పెంచితే పదింతలు. మరికొన్నింటిలో మామూలు అంకెలో, ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ’ అన్న మాటలో ఉంటాయి.

వినాయక చవితి పందిట్లో మైకు సౌండు పెంచితే పంతులుగారి మంత్రంతోపాటు వెనకాల పిల్లల గోల, జనరేటర్ మోత కూడా పెరుగుతాయి. గెయిన్ కూడా అంతే. స్టిక్కరు నుంచి వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచుతుందో, సెన్సర్‌లో పుట్టే రొదను కూడా అంతే పెంచుతుంది. తెలుపుకీ నలుపుకీ మధ్య అసలు తేడాయే లేకపోతే దాన్ని గెయిన్ పుట్టించలేదు.

మరీ పెంచితే ఇంకో చిక్కు. సంకేతం హద్దుకు చేరి తెలుపు పొర్లుతుంది, పక్కనున్న సన్నటి నల్ల గీతలను తినేస్తుంది. మరీ తగ్గిస్తే సన్నటి తెల్ల సందులు మూసుకుపోయి రెండు గీతలు ఒకటై కనబడతాయి. రెండు తప్పులకీ బయటికి కనిపించే లక్షణం ఒకటే, బీప్ రాకపోవడం. అందుకే ‘చదవట్లేదు, గెయిన్ పెంచు’ అనే మాట చాలాసార్లు తప్పుడు వైద్యమే అవుతుంది. నా అభిప్రాయంలో గెయిన్ అన్నిటికంటే చివర ముట్టుకోవలసిన సెట్టింగు. కింది అడుగుల వరస కూడా అందుకే అలా ఉంది.

అడుగు 1: మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి

మీట నొక్కితే స్టిక్కరు మీద సన్నగా, పదునుగా ఎర్ర గీత పడితే అది లేజర్ గన్ను. గీత కాస్త లావుగా, మసగ్గా ఉంటే అది సీసీడీ రకం. ఒక వెలుగు గడి మొత్తం పడి, మధ్యలో గురి చుక్కో గుర్తో కనిపిస్తే అది కెమెరా రకం. క్యూఆర్ కోడ్‌లను చదవాలంటే ఈ కెమెరా రకమే కావాలి. నాలుగోది, కన్వేయర్ పక్కనో బల్ల పైనో బిగించి ఉంచే స్థిర స్కానర్. దీనికి కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఉంటుంది, కొన్నింటికి ‘ట్యూన్’ అనే బటన్ కూడా ఉంటుంది.

ఇక్కడొక నిజం చెప్పాలి. చవక లేజర్ గన్నుల్లో గెయిన్ మార్చే వీలే ఉండదు. లోపలున్న ఆటోమేటిక్ గెయిన్ సర్క్యూట్ దాన్ని తనే చూసుకుంటుంది. అలాంటి గన్ను ఉన్నవాళ్ళకు 2 నుంచి 5 వరకు, ఆపైన 8వ అడుగు పనికొస్తాయి. కెమెరా రకం గన్నుల్లో వెలుగు తీవ్రత, ఎక్స్‌పోజర్ (ఇదేమిటో 6వ అడుగులో చెబుతాను) మార్చుకునే కోడ్‌లు సాధారణంగా దొరుకుతాయి. గెయిన్‌తో పూర్తిగా ఆడుకోగలిగేది స్థిర స్కానర్లలోనే.

అడుగు 2: తుడవండి, మొదటికి తీసుకురండి

స్కానర్ ముందు అద్దాన్ని మెత్తటి పొడిబట్టతో తుడవండి. వేలిముద్రల జిడ్డు, పిండి, పప్పుల ధూళి ఒక పొరలా పేరుకుని, వెలుగును లోపలే చెదరగొడతాయి. తర్వాత పుస్తకంలో ‘ఫ్యాక్టరీ డీఫాల్ట్’ కోడ్‌ను చదివించండి. ఇంతకుముందు ఎవరేం మార్చారో తెలియని గన్నుతో ప్రయోగాలు మొదలుపెట్టకూడదు. డీఫాల్ట్ కొట్టాక బిల్లింగు సాఫ్ట్‌వేర్లో ఒక కోడ్ చదివించి, అంకెల తర్వాత ఎంటర్ పడుతోందో లేదో చూసుకోండి. ఆ ఎంటర్ సెట్టింగు కూడా పోయి ఉండొచ్చు, మళ్ళీ పెట్టుకోవాలి.

అడుగు 3: చెడ్డ స్టిక్కర్లు పోగుచేయండి

కొత్తగా, తళతళలాడే స్టిక్కరుతో పరీక్ష చేస్తే ఏ సెట్టింగైనా పాసవుతుంది. మీకు కావలసింది మొండి స్టిక్కర్లు. కిరాణా కొట్టులో అయితే మడతలు పడ్డ చిప్స్ ప్యాకెట్టు, ఫ్రిజ్‌లోంచి తీసిన చెమటపట్టిన సీసా, గుండ్రటి చిన్న డబ్బా, నూనె అంటిన పచ్చడి సీసా. వర్క్‌షాపులో అయితే ఎండలో నిలబడ్డ లారీలో నుంచి తిరిగొచ్చిన లేబుల్, నూనె మరకలున్నది, దుమ్ము పట్టినది. నాలుగైదు చాలు. వాటి పక్కన ఒక మంచి స్టిక్కరు కూడా ఉంచుకోండి, పోల్చుకోవడానికి.

ఒక్కోదాన్నీ 20 సార్లు చదివించి ఎన్నిసార్లు బీప్ వచ్చిందో కాగితం మీద రాయండి. ఈ కాగితం లేకుండా చేసే సర్దుబాటంతా ఊహే.

ఇప్పుడే స్టిక్కర్లను కంటితో కూడా పరిశీలించండి. సరుకుల మీద కనిపించే 13 అంకెల కోడ్‌లో అత్యంత సన్న గీత ప్రామాణిక సైజులో 0.33 మిల్లీమీటర్లు. మొత్తం కోడ్‌ను 80 శాతానికి తగ్గించవచ్చు, 200 శాతం దాకా పెంచవచ్చు. గీతలకు ఎడమవైపు సన్న గీతకు 11 రెట్లు, కుడివైపు 7 రెట్లు ఖాళీ తెలుపు ఉండాలి. ప్రామాణిక సైజులో అది సుమారు మూడున్నర, రెండుంపావు మిల్లీమీటర్లు. మీ ఎమ్మార్పీ స్టిక్కరు ఆ ఖాళీ మీదికెక్కి అతుక్కుని ఉంటే, ఏ గెయినూ దాన్ని చదివించలేదు. కొట్టుల్లో సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం.

సొంతంగా లేబుళ్ళు ముద్రించుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మామూలు లేబుల్ ప్రింటరు 203 డీపీఐది, అంటే మిల్లీమీటరుకి 8 చుక్కలు. సన్న గీత రెండు చుక్కలో మూడు చుక్కలో నిండుగా ఉండాలి. కోడ్ బొమ్మను కంప్యూటర్లో మూల పట్టి లాగి సైజు మారిస్తే గీతకు రెండున్నర చుక్కలు రావాల్సి వస్తుంది. ప్రింటరు అర చుక్క వేయలేదు కాబట్టి ఒక గీత సన్నగా, ఒక గీత లావుగా వస్తుంది. ఇక్కడి మే నెల ఎండకు ఇంకో సమస్య. రిబ్బను లేకుండా వేడితో నల్లబడే కాగితం మీద ముద్రించిన లేబుళ్ళు వేడికి మొత్తం బూడిదరంగు తిరుగుతాయి, వెలుతురులో రాత వెలిసిపోతుంది. లారీ ఎక్కే సరుక్కి రిబ్బనుతో ముద్రించే ప్రింటరే వాడండి.

అడుగు 4: దూరం, వాలు

లేజర్ వెలుగు స్టిక్కరు మీద పడి చెదిరి తిరిగొస్తుంది కాబట్టి, దూరం రెట్టింపైతే గన్నుకి చేరే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. సెన్సర్‌కి దూరం సరిచేయడాన్ని మించిన గెయిన్ సెట్టింగు ఏదీ లేదు. గన్నును అరచేయంత దూరంలో పెట్టి మొదలుపెట్టి, ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చదువుతోందో గుర్తించండి. ఆ రెండింటి మధ్యలో పనిచేయండి. ఎర్ర గీత రెండు వైపులా కోడ్‌ను దాటి తెలుపు మీదికి వెళ్ళాలి.

గన్నును స్టిక్కరుకి సూటిగా, నిట్టనిలువుగా పట్టకండి. మెరిసే ప్లాస్టిక్ మీద వెలుగు అద్దంలో పడ్డట్టు నేరుగా వెనక్కి వచ్చి సెన్సర్‌ను గుడ్డిది చేస్తుంది. పది పదిహేను డిగ్రీలు వాల్చండి. బిగించే స్కానర్‌నైతే బిగించేటప్పుడే వాల్చి బిగించాలి.

అడుగు 5: వెలుగు

కౌంటరు పడమటి ముఖంగా ఉంటే సాయంత్రం నాలుగింటి నుంచి ఎండ తిన్నగా స్టిక్కరు మీదే పడుతుంది. ఎండలో కూడా ఎరుపు దండిగా ఉంటుంది కాబట్టి స్కానర్ సొంత వెలుగు దాని ముందు తేలిపోతుంది. కర్టెన్ వేయండి, లేదా బల్ల జరపండి. ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బులు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరా స్కానర్‌కి తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఒక ఫోటో వెలుగులో, మరో ఫోటో చీకట్లో పడొచ్చు. దీనికి మందు, స్కానర్ సొంత వెలుగును పెంచి గది వెలుగుకు ప్రాముఖ్యం లేకుండా చేయడమే. పుస్తకంలో వెలుగు తీవ్రత కోడ్ ఉంటే పూర్తికి పెట్టండి. మెరిసే ప్యాకెట్లే ఎక్కువైతే ఒక మెట్టు తగ్గించండి.

ఎర్రదుమ్ము సంగతి ఇక్కడే చెప్పాలి. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. ఆ ఎర్ర ధూళి, తుప్పు పొడి ఈ ఊరి వర్క్‌షాపులకి కొత్తవి కావు. ఎర్ర వెలుగులో ఎర్ర పొడి నల్లగా కనబడదు, వెలుగును వెనక్కి కొడుతుంది. కాబట్టి అది తెల్ల కాగితాన్ని పాడుచేసేదానికన్నా నల్ల గీతల్ని ఎక్కువ పాడుచేస్తుంది. గీత నలుపు పోయి బూడిదరంగుకు వస్తుంది. మన కంటికి స్టిక్కరు కాస్త మురికిగా ఉన్నా చక్కగా చదవొచ్చనే అనిపిస్తుంది, స్కానర్‌కి మాత్రం తెలుపు నలుపుల తేడా సగం పోయినట్టు కనిపిస్తుంది. గెయిన్ పెంచితే ఆ బూడిద కూడా పెరిగి తెలుపు వైపే జరుగుతుంది. చొక్కాకి రుద్దిన కుర్రాడు సరైన పని చేశాడన్నది అందుకే. చొక్కా బదులు బల్ల దగ్గర ఒక పొడిగుడ్డ కట్టి ఉంచండి.

తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో బార్‌కోడ్ ముద్రించకూడదన్నదీ ఇదే లెక్క. స్కానర్‌కి అది ఖాళీ కాగితం. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని సూపర్‌మార్కెట్లో మొదటిసారిగా ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీది కోడ్‌ను బిల్లింగు కౌంటర్లో చదివినప్పుడు వాడిందీ ఎర్ర లేజరే. అప్పటి నుంచి ముద్రణ నిబంధనలు ఎక్కువగా ఆ ఎర్ర వెలుగును దృష్టిలో పెట్టుకునే రాశారు.

అడుగు 6: ఎక్స్‌పోజర్

కెమెరా ఎంతసేపు కన్ను తెరిచి ఉంచుతుందో అదే ఎక్స్‌పోజర్. ఎక్కువసేపు తెరిస్తే వెలుగు ఎక్కువ వస్తుంది, రొద అంతగా పెరగదు. అందుకే గెయిన్ కన్నా ముందు దీన్ని వాడుకోవాలి. దీనికున్న హద్దు కదలిక ఒక్కటే.

లెక్క తేలిక. కన్వేయర్ సెకనుకి అర మీటరు వేగంతో నడుస్తోందనుకోండి, అంటే 500 మిల్లీమీటర్లు. ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకను పెడితే ఆ కాస్త సమయంలో స్టిక్కరు 0.5 మిల్లీమీటరు జరుగుతుంది. సన్న గీతే 0.33 మిల్లీమీటర్లు. గీతలన్నీ ఒకదాని మీదొకటి పూసుకుపోతాయి. 0.2 మిల్లీసెకను పెడితే జరిగేది 0.1 మిల్లీమీటరు, అది పర్వాలేదు. జరుగుడు సన్న గీతలో సగానికి తక్కువ ఉండేట్టు చూసుకోండి. గీతలు కదలిక దిశకి అడ్డంగా కాక అదే దిశలో సాగేట్టు స్టిక్కరు అతికిస్తే, పూసుకుపోయినా గీత గీత మీదే పూసుకుంటుంది. ఏ ఖర్చూ లేని మార్గం. స్టిక్కరు అతికించే మనిషికి ఒక్క మాట చెబితే చాలు.

కౌంటరు మీద ఆపి చదివించే గన్నుకి ఈ బాధ తక్కువ. చెయ్యి వణుకు తప్ప కదలిక లేదు కాబట్టి ఆటో ఎక్స్‌పోజర్‌నే ఉంచండి.

అడుగు 7: ఇప్పుడు గెయిన్

ముందు ఆటోనా, చేత్తోనా అన్నది తేల్చుకోవాలి. కిరాణా కొట్టులో ఆటోకే నా ఓటు. ఒక నిమిషం సబ్బు, ఇంకో నిమిషం బియ్యం బస్తా, తర్వాత మెరిసే బిస్కెట్టు ప్యాకెట్టు. ఇన్ని రకాలకి ఒక స్థిరమైన విలువ సరిపోదు.

ఇనుప సరుక్కి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినప్పటి నుంచి కర్మాగారం చుట్టూ పెరిగిన వర్క్‌షాపుల్లో తయారయ్యేది చాలావరకు లోహమే. లేత్ మీద తిప్పిన భాగానికి అద్దంలాంటి మెరుపుంటుంది. దాని మీద తెల్ల స్టిక్కరు అతికించి స్కానర్ ముందు పెడితే, ఆటో గెయిన్ మొత్తం దృశ్యంలో అన్నిటికంటే ప్రకాశంగా ఉన్నదాన్ని చూస్తుంది. అది స్టిక్కరు కాదు, లోహం అంచు మీది మెరుపు. ‘అబ్బో, వెలుగు ఎక్కువైంది’ అనుకుని గెయిన్ దించేస్తుంది. స్టిక్కరులోని తెలుపు బూడిదవుతుంది, సన్న సందులు మూసుకుంటాయి, బీప్ రాదు. అదే స్టిక్కరును ఊడదీసి అట్టముక్క మీద అంటించి చూపిస్తే టక్కున చదువుతుంది. ఇది చూసి స్కానర్ పోయిందనుకుని కొత్తది కొనేవాళ్ళున్నారు.

మీ స్థిర స్కానర్లో చూసే ప్రాంతాన్ని పరిమితం చేసే సెట్టింగు ఉంటే ముందు అది వాడి, స్టిక్కరు పడే చోటుకే గడి గీయండి. మెరుపు గడి బయటికిపోతే ఆటో గెయిన్ దానంతటదే దారికొస్తుంది. ఆ వీలు లేకపోతే ఆటోను ఆపి, చేత్తో ఇలా పెట్టండి.

గెయిన్‌ను అన్నిటికన్నా కిందికి దించండి. ఎక్స్‌పోజర్ 6వ అడుగులో తేల్చిన గరిష్ఠ విలువ దగ్గరే ఉంచండి, వెలుగు పూర్తిగా. ఇప్పుడు మొండి స్టిక్కర్లలో మొదటిది పెట్టి గెయిన్ ఒక్కో మెట్టు పెంచుతూ 20కి 20 చదివే మొదటి విలువను రాసుకోండి. అక్కడ ఆగకండి. ఇంకా పెంచుతూ పోతే ఒక చోట మళ్ళీ తప్పడం మొదలవుతుంది. దానికి ముందున్న విలువ కూడా రాసుకోండి. మిగతా స్టిక్కర్లన్నిటికీ ఇలాగే చేయండి.

ఉదాహరణకి వెలిసిన లేబుల్ 4 నుంచి 9 దాకా చదివింది, మెరిసే ప్యాకెట్టు 2 నుంచి 6 దాకా చదివింది అనుకుందాం. రెండింటికీ కుదిరేది 4 నుంచి 6. పెట్టవలసింది 5. చదవడం మొదలైన 4 దగ్గరే వదిలేస్తే, రేపు అద్దం మీద కాస్త దుమ్ము పడగానే మళ్ళీ మొదటికొస్తుంది. రెండు హద్దుల నుంచీ దూరంగా, మధ్యలో ఉండాలి. ఉమ్మడి విలువే దొరక్కపోతే గెయిన్‌తో కుస్తీ ఆపేసి 4, 5 అడుగులకు వెనక్కి వెళ్ళండి, లేదా ఆ లేబుల్ ముద్రణ మార్చండి.

సాఫ్ట్‌వేర్లో కెమెరా బొమ్మ కనిపిస్తే పని ఇంకా సులువు. మచ్చలేని నలుపు 0, పూర్తి తెలుపు 255 అని లెక్క. స్టిక్కరు తెలుపు 200 చుట్టుపక్కల ఉండి 255ను తాకకుండా, గీతలు 50 లోపు ఉంటే బాగున్నట్టే. ముద్రణ నాణ్యతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణంలో కూడా తెలుపు నలుపుల తేడా 70 శాతం దాటితేనే మొదటి శ్రేణి, 20కి తగ్గితే ఫెయిల్.

అడుగు 8: తప్పు చదవకుండా కాపలా

గెయిన్ పెంచిన స్కానర్ రొదను కూడా గీతగా చూడొచ్చు. బీప్ రాకపోతే మళ్ళీ ప్రయత్నిస్తాం, తప్పు అంకెలతో బీప్ వస్తే మాత్రం గమనించం, బిల్లులో ఒక వస్తువు బదులు ఇంకొకటి ఎక్కుతుంది. సరుకుల మీది 13 అంకెల కోడ్‌లో చివరిది సరిచూసే అంకె. మిగతా పన్నెండింట్లో ఏ ఒక్కటి తప్పు చదివినా లెక్క తప్పి, స్కానర్ దాన్ని తిరస్కరిస్తుంది. వర్క్‌షాపుల్లో ఎక్కువగా వాడే కోడ్ 39లో ఆ అంకె తప్పనిసరి కాదు. అట్టపెట్టెల మీద కనిపించే ఇంటర్‌లీవ్డ్ 2 ఆఫ్ 5 రకానికైతే ఇంకో జబ్బుంది, గీత ఏటవాలుగా పోతే సగం కోడ్‌నే పూర్తి కోడ్ అనుకుని చదివేస్తుంది.

కాబట్టి సెట్టింగుల పుస్తకంలో మూడు విషయాలు వెతకండి. మీరు వాడని కోడ్ రకాలన్నీ ఆపేయండి. వాడేవాటికి అంకెల పొడవు నిర్ణయించండి, మీ లేబుల్ 10 అక్షరాలదైతే 10 మాత్రమే అని. చివరగా ఒకే జవాబు రెండు సార్లు వస్తేనే ఒప్పుకునే సెట్టింగును వాడండి. లేజర్ గన్నుల్లో దీన్ని రిడండెన్సీ అనో సెక్యూరిటీ లెవెల్ అనో రాస్తారు. చదవడం రవ్వంత నెమ్మదిస్తుంది, కౌంటరు మీద ఎవరికీ తెలియదు.

అడుగు 9: భద్రం చేయండి

3వ అడుగులో రాసిన కాగితం తీసి మళ్ళీ 20 సార్ల పరీక్ష చేయండి, ఒకసారి పగలు, ఒకసారి దీపాలు పెట్టాక. పనిచేసిన సెట్టింగు కోడ్‌లను వరసగా ఒక కాగితం మీద ముద్రించి, పైన ‘ఫ్యాక్టరీ డీఫాల్ట్’ కోడ్ పెట్టి, ప్లాస్టిక్ కవర్లో కౌంటరు వెనక తగిలించండి. ఆ కాగితాన్ని స్కానర్ ఎదురుగా మాత్రం పెట్టకండి, పొరపాటున డీఫాల్ట్ చదివేస్తే శ్రమంతా పోతుంది. స్థిర స్కానర్ అయితే సాఫ్ట్‌వేర్లో ‘సేవ్’ కొట్టాక కరెంటు ఒకసారి తీసి పెట్టి విలువలు నిలిచాయో లేదో చూడండి. కొన్నింటిలో ‘సేవ్’ నొక్కకపోతే కరెంటు పోగానే పాత విలువలే వస్తాయి. రెండో స్కానర్ కొన్నప్పుడు, అదే మోడల్ అయినా, ఈ విలువలను అలాగే ఎక్కించి వదిలేయకుండా 7వ అడుగు మళ్ళీ చేయండి. సెన్సర్‌కీ సెన్సర్‌కీ మధ్య ఒకటి రెండు మెట్ల తేడా మామూలే.